మంత్రి బలి

ఎరెవాన్ చదరంగం క్లబ్బులో ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ఇంజిన్లకు పరీక్ష. ఆ క్లబ్బు గ్రాండ్‌మాస్టర్, ఇప్పుడు లేని ఆయన, ఒకప్పుడు మంత్రిని బలిచ్చి గెలిచిన ప్రసిద్ధమైన ఎత్తును అవి మెచ్చుకోవాలి. నాలుగోది కూడా మెచ్చుకోలేదు.

"మంత్రి ఊరికే పోయిందంటోంది తాతా," అంది షుషాన్, తెర చూస్తూ.

హ్రాంట్ తాతకు ఒళ్లు మండింది. "దాని మొహం! ఇంకాసేపు ఆలోచించమను."

"గంట నుంచీ అదే పని."

"అయితే అలసిపోయుంటుంది." తాత ఫ్యాను కంప్యూటర్ వైపు తిప్పాడు. పక్కనే ఓ గ్లాసు కోన్యాక్ బ్రాందీ కూడా పెట్టాడు.

ఇంజిన్ మాట మార్చలేదు. నల్లరాజు ఒక్క గడి పక్కకు జరిగితే గ్రాండ్‌మాస్టర్ తెల్లపావుల పని అయిపోయేదంది.

తాత ప్లగ్గు పీకబోయాడు. షుషాన్ చెయ్యి పట్టుకుంది.

"గ్రాండ్‌మాస్టర్ గారే ఉంటే నవ్వి ఊరుకునేవారు. మధ్యలో నీకెందుకు తాతా అంత మంట?"

తాత కుర్చీలో కూలబడ్డాడు.

"పుస్తకాల్లో ఆ ఆట కింద ఆయన పేరు, పక్కన 'ప్రత్యర్థి' అని ఉంటుంది చూడు. ఆ ప్రత్యర్థిని నేనేనే షుషాన్ జాన్, నా తల్లీ. మహాద్భుతం చేతిలో ఓడానని చెప్పుకుని ఇన్నేళ్లు తలెత్తుకు తిరిగాను. ఇప్పుడు ఒక్క గడి జరగడం చేతకాక ఓడానని చెప్పుకోమంటావా?"