వణకని పోతు

దొడ్లో ముసలిమేక పిల్లలకు రోజూ ఒకటే కథ చెప్పేది. "జాతరలో మన వీపు మీద పసుపునీళ్లు పోస్తారు. ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. కత్తి దిగుతుంది. విదిలించని వాడొకడు పుడతాడు. వాడితో మన గండం గడుస్తుంది."

తెల్లచెవుల పోతుపిల్ల ఆ కథ నమ్మింది. వానలో తడుస్తూ, ఈగలు వాలినా కదలకుండా నిలబడటం నేర్చుకుంది. జాతరనాడు మెళ్లో వేపమండలు కట్టినప్పుడు, "వాడు నేనే అవ్వా!" అంది.

నీళ్లు పోశారు. కదల్లేదు. మరో బిందె పోశారు. కదల్లేదు. మనుషులకేం తొందర లేదు, పోస్తూనే ఉన్నారు. చివరికి చలికి దాని ఒళ్లు వణికింది.

"అమ్మ ఒప్పుకుందిరో!" అని అరిచారు. డప్పులు మోగాయి.

"అయితే అన్న కూడా కాదా, అవ్వా?" అని అడిగాయి దొడ్లో మిగిలిన పిల్లలు.

ముసలిమేక చాలాసేపు నెమరేసింది.

"కాదమ్మా. అసలువాడికి చలి కూడా వెయ్యదు."