పాపని వెతికే ఆట

"మళ్ళీ చూడు అమ్మమ్మా. ఈ ముసలావిడ గేటు దాటి వెళ్ళేటప్పుడు చేతిలో పాప ఉంది. తిరిగొచ్చేటప్పుడు లేదు. పాపని ఎక్కడ పెట్టిందో కనుక్కోవాలి. అదీ ఆట."

పుణ్యవతి కంప్యూటరు బల్ల ముందు కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదకి లాక్కుంది. మనవరాలు ఆమని రాయదుర్గంలో ఇలాంటి ఆటలు తయారుచేసే కంపెనీలోనే పనిచేస్తుంది. ఒక బల్ల, దాని మీద రెండు మూడు ఆధారాలు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా దొంగని పట్టాలి. తోచనప్పుడల్లా వాటిని అమ్మమ్మ చేత ఆడించేది. పుణ్యవతికి ఇందాక ఏం తిన్నదీ గుర్తుండదు గానీ, చిన్నప్పటి పెళ్ళిళ్ళలో ఎవరెందుకు అలిగారో అడిగితే మాత్రం కూర్చోబెట్టి చెబుతుంది.

ఎప్పుడూ నవ్వుకుంటూ ఆడే ఆటే. ఇవాళ ఆమని మాటిమాటికీ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏడ్చావుటే?"

"లేదు. చీకటి పడేలోపల ఇది తేలాలి అమ్మమ్మా. తేలకపోతే..."

"ఉద్యోగంలోంచి తీసేస్తారా?"

ఆమని అవునన్నట్టు తలాడించింది.

"వాళ్ళ మొహం మండ! బాలింతని పట్టుకుని ఇదేం రాచి రంపాన పెట్టడమే. ఉండు, నేను లేనూ." బొడ్లో దోపుకున్న కొంగుని పుణ్యవతి ఇంకాస్త బిగించింది. "గట్టిగా మాట్లాడకు. లోపల పాప లేస్తుంది."

మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు ఆమని ఒకసారి చూసింది.

తెర మీద రెండు బొమ్మలు. గేటు మీది కెమెరా పైనుంచి తీసినవి. ఎండకి కొంగు తల మీదుగా కప్పుకోవడంతో ముసలావిడ మొహం కనబడదు. చీర రంగూ తెలియదు, అంతా బూడిద రంగే.

"దొంగది కాదే ఈవిడ," అంది పుణ్యవతి.

"ఎలా చెబుతున్నావు?"

"పిల్లని ఎత్తుకున్న తీరు చూడు. మెడ కింద చెయ్యి వేసింది. చెవులకి గాలి తగలకుండా తువ్వాలు చుట్టింది. దొంగైతే చంకన ఇరికించుకుని పరిగెత్తదూ? ఇంట్లో మనిషే."

ఫోను మోగింది. ఆమని భర్త శ్యామ్. ఇది ఇద్దరూ కలిసి ఆడే ఆటట. అతను అటువైపు నుంచి ఇన్‌స్పెక్టరుతో తిరుగుతున్నాడట.

"మియాపూర్ దాకా వెతికాం. ఎవరూ చూళ్ళేదంటున్నారు. అక్కడేమైనా తేలిందా?"

"ఆడుతోంది. ఇంకొంచెం ఆగు."

"మధ్యాహ్నం నుంచి పాలు లేవు దానికి," అన్నాడు శ్యామ్.

"అతను కూడా బాగా లీనమైపోయాడే!" అని నవ్వి, పుణ్యవతి తెర మీదకి వంగింది. "తిరిగొచ్చిన బొమ్మ పెద్దది చెయ్యి. ఇదిగో, కొంగు చివర ముడి. వెళ్ళేటప్పుడు లేదిది."

"డబ్బులా? పాపని అమ్మేసిందంటావా?"

"డబ్బులకి ఇంత లావు ముడి ఎందుకే." పుణ్యవతి ఆగింది. "ఆ పిల్ల తల్లికి ముందు కాన్పులు పోయాయా?"

"రెండు," అంది ఆమని.

"మరదే! అమ్మిందే. తవుడుకి అమ్మింది."

"తవుడుకా?"

"పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, ఆ తరవాత పుట్టిన పిల్లని పరాయి మనిషికి గుప్పెడు తవుడుకి అమ్మేస్తారు. ఈ పిల్ల వీళ్ళది కాదని యముడి కళ్ళు కప్పడమన్నమాట. మళ్ళీ దీపాలవేళకి వెళ్ళి కొనితెచ్చుకుంటారు. మా పెదనాన్నగారబ్బాయి తవిటయ్య అలా నిలిచినవాడే. వాడి పెళ్ళిలో ఆ కొన్నావిడే ముందు అక్షింతలు వేసింది. ఈ ముసలిది వెర్రిబాగుల్ది. అమ్మొచ్చి, కొనడం మర్చిపోయింది!"

"ఎవరికి అమ్మి ఉంటుంది? చెప్పు అమ్మమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"తవుడు ఎవరిళ్ళలో ఉంటుందే ఈ ఊళ్ళో? ఈ అద్దాల మేడల్లోనా? గేదెలున్న చోట చూడమను."

ఆమని ఫోనులో అరిచింది. "శ్యామ్! హైవే వెనక గేదెల పాకలు. పరిగెత్తు!"

కిటికీ బయట మేడల్లో లైట్లు వెలుగుతున్నాయి. ఆమని ఫోనుని రెండు చేతులా పట్టుకుని, పెదవులు కదుపుతూ ఏ దేవుడికి ఏం మొక్కుకుందో.

ఫోను మోగింది. ముందు చంటిపిల్ల ఏడుపు వినబడింది. ఆమని రెండు చేతులూ రొమ్ముకి అదుముకుని నేల మీద కూలబడింది. ఏడుపు వెనకాలే ఎవరో ఆడమనిషి గొంతు: "నేనేం ఎత్కపోలే సారూ! ముసలమ్మనే ఇచ్చిపోయింది. పొద్దుగూకంగ వచ్చి తీస్కపోతనన్నది. జరన్ని పాలు తాపిన. ఇంక రాకపాయెనేందని నేనే పరేషాన్ అయితున్న!"

"బొమ్మలకి గొంతులెంత బాగా పెట్టారే!" పుణ్యవతి మురిసిపోయింది. "గెలిచామా?"

"గెలిచాం అమ్మమ్మా." ఆమని ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"పిచ్చిదానా, ఆటకి ఇంత ఏడుపేమిటే? ఒక్క మాట. ఆ ముసలిదాన్ని మాత్రం జైల్లో పెట్టించకు. పిల్ల బతకాలనే చేసింది, పాపం."

"పెట్టించను."

"ఏదీ, ఇటు చూడు, కళ్ళు తుడుస్తాను," అంటూ పుణ్యవతి బొడ్లోంచి కొంగు లాగింది.

ముడి ఊడి, గుప్పెడు తవుడు ఆమని ఒళ్ళో రాలింది.