పన్నెండు అంగుళాల గొట్టం

“మూడంగుళాలు కోసెయ్యి ఆరిన్,” అంది వెర్నా.

ఆరిన్ ఆమె పిస్తోలును బల్ల మీద పెట్టాడు. ఆ ఊళ్లో తుపాకులు బాగుచేసేది అతనొక్కడే.

“కొయ్యను. పదిహేనంగుళాల గొట్టం అది. పొట్టయ్యేకొద్దీ తూటా వేగం తగ్గుతుంది. కోశాక బాలేదంటే అతికించలేను.”

వెర్నాకు ఎడమ చెయ్యి లేదు. గడ్డి మోపులు కట్టే యంత్రంలో పోయింది. రైఫిల్ పట్టలేక వేట పిస్తోలు కొనుక్కుంది.

కొండ పొట్టేలు వేట పర్మిట్లకు వయోమింగ్‌లో లాటరీ తీస్తారు. పంతొమ్మిదేళ్లు పేరు వేస్తే ఈ ఏడు ఆమెకు వచ్చింది. మళ్లీ వస్తుందన్న ఆశ లేదు. సీజన్ మొదలవడానికి మూడు వారాలుంది.

“ఎంత దూరం నుంచి కొడతావమ్మాయ్?”

అడిగింది తలుపు దగ్గరున్న ముసలాయన. తుపాకీ నూనె కోసం వచ్చాడు. ఆరిన్ ఆయన్ని అంతకు ముందెప్పుడూ చూడలేదు.

“నూరు గజాలు. అంతకు మించి కొట్టను.”

“కూర్చునా, పడుకునా?”

“కూర్చుని. మోకాలి మీద చెయ్యి ఆనించి.”

“అయితే కూర్చో.”

“ఇక్కడా?”

“కొండ మీద కుర్చీ వేస్తారా ఏంటి?”

వెర్నా నవ్వి నేల మీద కూర్చుంది.

“తాతా, నూనె తీసుకున్నావుగా! ఇది నా కొట్టు,” అన్నాడు ఆరిన్.

“నీదే నాయనా, ఎవరు కాదన్నారు? ఆమె గురి పెట్టగానే అంకెలు లెక్కపెట్టు.”

ఆరిన్ బడి పిల్లాడిలా రాగం తీస్తూ లెక్కపెట్టాడు. ఆరు దగ్గర గొట్టం కొస కిందికి వాలింది. వెర్నా మళ్లీ ఎత్తింది. ఈసారి నాలుగుకే వాలింది.

“గురి తప్పాక తూటా ఎంత వేగంగా పోతే ఏం లాభం?” అన్నాడు ముసలాయన.

“ఏం పని చేసేవాడివేంటి నువ్వు?” అన్నాడు ఆరిన్.

“ఆవుల్ని మేపి పాలు పోసేవాణ్ణి.”

“పాలాయన తుపాకుల గురించి చెప్పాలి, నేను వినాలి!”

ముసలాయన బయటున్న తన బండి దగ్గరికి వెళ్లి, గుడ్డలో చుట్టిన గొట్టం తెచ్చాడు. పన్నెండంగుళాలు. అదే రకం పిస్తోలుది, అదే తూటాకు సరిపోతుంది. గురి చూసే దుర్భిణి దాని మీదే బిగించి ఉంది. ఈ రకం పిస్తోలుకు ఒక్క చీల తీస్తే గొట్టం మార్చవచ్చు.

ఆరిన్ గొణుక్కుంటూ మార్చాడు.

ఈసారి ఇరవై దాకా లెక్కపెట్టాడు. కొస కదల్లేదు. వెర్నా తనంతట తానే దించింది.

“ఇలాంటిది తెప్పించాలంటే డిసెంబరవుతుంది,” అన్నాడు ఆరిన్. రాగం పోయింది.

“ఇదే తీసుకెళ్లమ్మాయ్. వేటయ్యాక ఈయనకివ్వు. వచ్చి పట్టుకెళ్తా.”

“మరి మీకూ?”

“నాకిప్పుడు దాంతో పని లేదు.”

పేరు అడిగేలోపే బండి కదిలింది.

“దుర్భిణి సరిచూసుకో,” అన్నాడు ఆరిన్. “పాలాయన సరుకు. ఎటు కొడుతుందో ఏమో!”

వెర్నా మూడు వారాలూ రోజుకు పది తూటాలు కాల్చింది. తరవాత సెలవు దొరికినప్పుడల్లా కొండెక్కింది. సీజన్ ఇక రెండు రోజులుందనగా, తొంభై గజాల నుంచి ఒక్క తూటాతో పొట్టేలును పడగొట్టింది.

కొండ దిగి నాలుగో రోజున పొట్టేలు తలతో కొట్టుకు వచ్చింది. కొమ్ములకు ముద్ర వేయడానికి వేట అధికారి ఇంగ్రిడ్ అక్కడికే వచ్చింది.

ముసలాయన మాత్రం గొట్టం ఇచ్చిన రోజు నుంచి మళ్లీ రాలేదు.

“ఈ గొట్టం ఎవరిదో చెప్పు ఇంగ్రిడ్. పాలు పోసేవాడట. పేరు కూడా అడగలేదు మేం,” అంది వెర్నా.

ఇంగ్రిడ్ గొట్టం చేతిలోకి తీసుకుని చూసింది.

“ఎల్వుడ్ స్ట్రాండ్‌దై ఉంటుంది. నిన్ననే ఫోన్లో మాట్లాడాను. ఉన్నది ఒక్కటే గొట్టం, నాకంటే ఇంకొకరికి ఎక్కువ అవసరమనిపించి ఇచ్చేశానన్నాడు.”

“అంటే ఆయనా వేటగాడేనా?” అన్నాడు ఆరిన్.

“ఈ కొండకి ఈ ఏడు పర్మిట్లు ఇచ్చింది ఇద్దరికే,” అంది ఇంగ్రిడ్. “ఒకటి వెర్నాది, ముప్ఫై నాలుగేళ్లు పేరు వేస్తే వచ్చిన రెండోది ఆయనది, దాని గడువు మొన్నటితో అయిపోయింది.”