పదకొండు వందల నలభై గంటలు

"పదకొండు వందల నలభై గంటలా?" ప్రొజెక్టర్ గోడ మీద చూపిస్తున్న అంకెను చూసి శ్రీశైలం మెకానిక్ బాసిత్ వైపు తిరిగాడు. "తప్పు చూపెడుతున్నట్టుంది. మళ్ల చూడు."

"మిషన్ ఎందుకు తప్పు చెప్తదన్నా? నేను తీసేసిన పాత బల్బు గన్ని గంటలు వెలిగింది. ఇగ దీన్ని సున్నా చేస్తే కొత్త బల్బు లెక్క మొదలైతది."

"సున్నా చెయ్యకు. జర ఆగు." శ్రీశైలం ప్రొజెక్టర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. "నేను చూసేది ఆదివారం ఒక్కరోజు. మ్యాచ్ ఉంటే నాలుగు గంటలు. కొన్నది పోయిన దసరాకు. ఎంత గుంజినా మూడు వందలు దాటది. కడమ గంటలు ఎవలు పెట్టిండ్రు?"

ఆ ప్రశ్న బాసిత్‌కు కాదు. వంటింటి గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ భార్యకు.

"నాకేం తెలుసు? నేను దాన్ని ముట్టనే ముట్టను," అంది సుమన.

"ఎవలూ ముట్టకుంటె దానంతలదే వెలిగిందా?"

బాసిత్ మాట మళ్లించాలని చూశాడు. ప్రొజెక్టర్ పక్కనున్న చిన్న తలుపు తీసి, లోపలి జాలీ బయటికి లాగాడు. దసరా పూజకు పూసిన పసుపు, పెట్టిన బొట్లు దాని మీద ఎండి అట్టకట్టాయి. వాటి మీద బూడిదరంగు నూగు, పిల్లి తోలంత మందాన.

"పూజ చేసుకోన్రన్నా, వద్దనను. గాలి పీల్చే దిక్కు బొట్లు పెడితే ఎట్ల? ఈ ఫిల్టర్‌ను నెలకొకసారి తీసి బ్రష్షుతోని దులపాలె. గాలాడక, లోపల వేడికి బల్బు పగిలింది."

"ఫిల్టర్ సంగతి తర్వాత. గంటల సంగతి చెప్పు."

బాసిత్ ప్రొజెక్టర్ ముందరి అద్దానికి పెట్టే మూతను బల్ల మీది నుంచి తీసి చూశాడు. "ఇది కూడ చూడన్నా," అన్నాడు. "లోపలి దిక్కు బుడగలు లేచినయ్. మూత పెట్టి ఉండంగనే చాలాసార్లు నడిపిండ్రు."

సుమనకు ఊపిరి వచ్చినట్టయింది. "మూత ఉంటే గోడ మీద బొమ్మ పడదు గద. చూసేటోళ్లయితే తియ్యరా?"

శ్రీశైలం ఆ మూతను చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"చూసేటందుకు కాదన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "వెలుగు బయటికి పోవద్దు. ఫ్యాను సప్పుడు మాత్రం రావాలె, లోపలి మాటలు పక్కింటోళ్లకు ఇనపడకుంట. నేను మల్దకల్ దిక్కు పత్తి సీడు ప్లాట్లకు పోయినంక ఈ ఇంటికి ఎవడొస్తుండు?"

బాసిత్ స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకున్నాడు. "అన్నా, నేను రేపొస్త."

"కూసో. నువ్వే సాక్షివి," అని శ్రీశైలం సెల్లు తీశాడు.

సుమన గ్లాసులు కింద పెట్టి వాకిట్లోకి నడిచింది. అత్త హన్మమ్మ అరుగు మీద ఎండలో కూర్చుని చేటలో కందులు ఏరుతోంది.

"అత్తా, పగలంత నువ్వు ఈడనే ఉంటవు. నిన్ను దాటి లోపలికి ఒక్కడన్నా వచ్చిండా? నువ్వన్న చెప్పు."

హన్మమ్మ చెయ్యి ఆగింది. లోపల ఫోన్‌లో అరుస్తున్న కొడుకును చూసింది. మళ్లీ చేటలోకి వంగింది.

"నాకేం తెలుసు బిడ్డా."

మొగుడి మాటకంటే ఆ మాటే సుమనను ఎక్కువ కోసింది. ఎనిమిదేండ్లుగా ఆ ముసలామె తలకు నూనె పెట్టింది తనే.

శ్రీశైలం ఫోన్ చేసింది సుమన అన్న మద్దిలేటికి. అతను పల్లికాయ అమ్ముకోవడానికి ఆ పొద్దు గద్వాల మార్కెట్ యార్డుకే వచ్చాడు. పావుగంటలో బండి మీద దిగాడు. శ్రీశైలం చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. గోడ మీది అంకె చూశాడు. మూత చూశాడు. చెల్లెలి ముఖం మాత్రం చూడలేదు.

"బావా, జర ఓపిక పట్టు. పదిమందిల పెట్టకు. నాలుగు దినాలు ఇటిక్యాలకు, మా ఇంటికి తీస్కపోత."

"నాలుగు దినాలు కాదు. నేను పిలిచేదాక."

"అన్నా, నన్ను ఒక్క మాట అడగవా?" అంది సుమన.

"ఇంట్ల అడుగుత. ఈడ కాదు. బట్టలు సదురుకో."

బాసిత్ తల గోక్కున్నాడు. "మద్దిలేటన్నా, మిషన్ గంటలు చెప్తది గని, మనిషి పేరు చెప్పదు," అన్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

సుమన లోపలికి వెళ్లి సంచిలో నాలుగు చీరలు కుక్కింది. ఏడుపు రాలేదు. ఒట్టు వేద్దామనుకుంది, ఎవరి మీద వెయ్యాలో తోచలేదు. బయటికి వచ్చేసరికి మద్దిలేటి బండి స్టార్ట్ చేసి ఉన్నాడు. శ్రీశైలం గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఆమె దాటేందుకు మాత్రం పక్కకు జరిగాడు.

ఆమె మెట్టు దిగుతుంటే అరుగు మీది చేట పక్కకు ఒరిగింది. కందులు వాకిలంతా చెల్లాచెదురయ్యాయి. హన్మమ్మ లేచి వచ్చి కోడలి సంచి రెండు చేతులా పట్టుకుంది. గుంజుకున్నా వదలలేదు. కొడుకును చూడలేక నేలకేసి చూస్తూ మాట్లాడింది.

"ఆమెను పంపకురా కొడుకా, మీట ఒత్తింది నేను. హాల్ల బండల మీద పండుకుంటే చలికి మోకాళ్లు కొయ్యలైతున్నయని, మీరు తలుపేసుకున్నంక, మూత తియ్యకుంట దాన్ని పెట్టుకుని, ఎనకకెల్లి వచ్చే ఉడుకుగాలికి కాళ్లు చాపి, మీదికెల్లి బొంత కప్పుకుంటున్న."