అత్తగారి ట్రాకు

"నీకు దణ్ణం పెడతాను, మళ్లీ పంపు. రెండు వైపులా మామయ్యే మాట్లాడుతున్నారు. అత్తయ్య ఏరీ?"

ఫోన్లో ఆమె భర్త నీళ్లు నమిలాడు. "స్టీరియోగానే పంపానే!"

ఆమె స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. అతను వేరే ఆఫీసులో వీడియోలు ఎడిట్ చేస్తాడు. అమ్మానాన్నల పెళ్లిరోజుకి వాళ్లిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చెరో మైకు తగిలించి, మొహమాటపడతారని తలుపేసి బయటికొచ్చాడు. నాన్న ఎడమవైపు, అమ్మ కుడివైపు, ఒకటే స్టీరియో ట్రాకు. తన ప్రోగ్రాంలో ముందూ చివరా కత్తిరించి, మధ్యలోది వినే తీరిక లేక ఆమె మీదికి తోసేశాడు. సాయంత్రం చుట్టాలందరి ముందూ వినిపించాలి.

"ఏం స్టీరియో, నా మొహం! ఎడమవైపు ఒక్కటే మోనో చేసేసి రెండు వైపులా అదే అతికించావు. ఈసారి రెండూ విడివిడి మోనోలుగా పంపు."

పంపాడు. ఎడమ ట్రాకులో మామగారు. కుడి ట్రాకులోనూ మామగారే, కాకపోతే గదికి ఆ మూల నుంచి మాట్లాడినట్టు సన్నగా.

తన గొంతు వినపడకపోతే అత్తగారు ఇల్లు పీకి పందిరేస్తుంది. ఎక్కడ నొప్పి అని డాక్టరు మామగారిని అడిగితే, ఎక్కడో ఆవిడే చెబుతుంది. ఆయన నోరు తెరిచేది ఆవలించడానికే.

అలాంటి మనిషి రికార్డింగులో ధారాళంగా మాట్లాడుతున్నాడు. "మొదటి ఉద్యోగం పోయిందని నీకు చెప్పలేక, రోజూ క్యారియర్ పట్టుకెళ్లి పార్కులో కూర్చుని తినేవాణ్ణి..."

ఆ తర్వాత పెద్ద ఖాళీ.

"ఇదిగో, సరిగ్గా ఇక్కడే అత్తయ్య కడిగేసి ఉంటారు. అసలైన ముక్కే ఎగిరిపోయింది!" అని ఆమె తల పట్టుకుంది.

భర్త ఏకంగా రికార్డరే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఏ ప్రోగ్రామూ తాకని అసలు రికార్డింగు పెట్టి విన్నారు. అదే తంతు. కుడివైపు వాల్యూం పూర్తిగా పెంచితే, చెవి పక్కనే ఒక దగ్గు.

"అమ్మ దగ్గే!"

"అంటే మైకు పనిచేసింది. మరి మాటలు ఏ గంగలో కలిశాయి?"

ఇక చేసేదేం లేక ఆమె గుండె దిటవు చేసుకుని ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, కోప్పడకండి. రికార్డింగులో మీ మాటలన్నీ పోయాయి. నేనొచ్చి మళ్లీ తీసుకుంటాను. మామయ్య పార్కు సంగతి చెప్పాక మీరేమన్నారో గుర్తుందా?"

కోడలై ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి, అత్తగారు వెంటనే జవాబివ్వలేదు.

"నేనేం మాట్లాడలేదమ్మా, విన్నాను."