గింజల్లేని పుచ్చకాయ

“పెండ్లిచూపులల్ల గింజల్లేని కాయ పెడుతవా సోమన్నా? జర సోయి ఉండాలె!” మధ్యవర్తి చంద్రమౌళి గొంతు తగ్గించి కసిరాడు.

పుచ్చముక్కల పళ్లెం పట్టుకున్న సోమయ్య ఉన్నచోటే ఆగిపోయాడు. స్టేషన్ ఘన్‌పూర్ పక్కన ఆ ఊళ్లో ఈ రకం వేసింది ఆయనొక్కడే. కురవి నుంచి వచ్చిన సంబంధం వాళ్లకు ఆ గొప్ప చూపించుకుందామని ముచ్చటపడ్డాడు. గింజల్లేని కాయంటే పిల్లల్లేని ఇల్లని వాళ్లు అపశకునం అనుకోవచ్చన్న ఆలోచనే రాలేదు పాపం.

నిజానికి ఆయన గుండె కొట్టుకుంటున్నది కాయ కోసం కాదు, పెరటి కొట్టంలో కూర్చోబెట్టి వచ్చిన కొడుకు కోసం.

కల్యాణ్‌కు డౌన్ సిండ్రోమ్. మీసాలొచ్చినా పసిపిల్లాడే. ఎవరు కనబడ్డా చెయ్యి పట్టుకుని “అన్నం తిన్నవా?” అని అడుగుతాడు. వాణ్ని చూశాక ఇప్పటికే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. అందుకే ఈసారి ఒక్కతే బిడ్డ అని చెబుదామన్నాడు చంద్రమౌళి. కూతురు శైలజ భగ్గుమంది.

“తమ్ముని దాసి నేను పెండ్లి చేసుకోను నాయినా!”

“ఒక్క గంట బిడ్డా. నువ్వు నచ్చినంక మెల్లగ నేనే చెప్త” అని తండ్రి బతిమాలితే ఏడుపు మింగుకుని ఒప్పుకుంది. తీరా పెళ్లికొడుకు వేణును చూశాక ఆమెకు మరీ బాధేసింది. ఎందుకంటే అతను నచ్చేశాడు.

వేణుకు మహబూబాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. తండ్రి లేడు. తల్లి ఓదెమ్మతో వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడే గానీ కుదురుగా కూర్చోడు. చాయ్ తాగుతూ “బండి చూసొస్త” అని ఒకసారి లేచాడు. ఎండ మండుతోందని కారు అద్దాలకు తువ్వాళ్లు కట్టి వేపచెట్టు కింద పెట్టాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

వంటింటి గుమ్మం నుంచి శైలజ తల్లి రాధ భర్తను సైగ చేసి పిలిచింది. “ఏందయ్యా, ఇంజను గూడ బంద్ చెయ్యలేదు? లేసి పోనీకే గదా!”

“నోర్ముయ్యవే, పళ్లెం తీస్కపోనియ్” అన్నాడు సోమయ్య. ఇంకేం చేస్తాడు, తెగించి పళ్లెం తెచ్చి ముందు పెట్టాడు.

ఓదెమ్మ ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. చంద్రమౌళి కళ్లు మూసుకున్నాడు.

“అయ్యో, ఒక్క గింజ లేదు! ఎంత పున్నెం! మా ఇంట్ల కాయ కోస్తే గింజలు ఏరి పెట్టలేక నా పానం పోతది” అంది ఓదెమ్మ.

బ్యాంకులో పనిచేసే కొడుక్కి ఇంకా గింజలు ఏరి పెడుతుందా అని శైలజకు నవ్వొచ్చింది. అంతలో వేణు రెండు ముక్కలు తీసుకుని మళ్లీ బయటికి నడిచాడు. ఈయనకు సిగ్గెక్కువ, చాటుకు పోయి తింటాడు కాబోలు అనుకుంది.

“గింజ ఎందుకు రాదు బిడ్డా? మందు కొడ్తరా?” ఓదెమ్మ అడిగింది.

శైలజ వ్యవసాయ డిగ్రీ చదివింది. చెప్పే అవకాశం వస్తే ఊరుకుంటుందా?

“మందు కాదమ్మా. మామూలు పుచ్చకు క్రోమోజోములు రెండు జట్లు ఉంటయి. దీనికి మూడు. మూడింటిని సరిసమానంగ పంచుడు కుదరదు గదా, అందుకే గింజ కట్టదు. మళ్ల ఇది ఒంటరిగ కాయదు. పక్కన మామూలు పుచ్చ తోడుంటేనే కాస్తది.”

“మరి మనుషులకు క్రోమోజోములు ఎక్కువైతే?”

ఆ మాట ఓదెమ్మ నోట తడబాటు లేకుండా వచ్చింది. చంద్రమౌళి నోరెళ్లబెట్టాడు. వంటొచ్చా, పాటొచ్చా అని అడిగే అత్తల్ని చూశాడు గానీ ఇదేం పరీక్షరా నాయనా!

శైలజ పళ్లెం పక్కకు జరిపింది. “జట్టుకు జట్టే ఎక్కువైతే బిడ్డ నిలువదమ్మా. ఒక్కటే, అదీ ఇరవయ్యొకటోది ఎక్కువైతే బతుకుతరు. జర నిమ్మలంగ నేర్చుకుంటరు, గంతే.”

“చదువుల చెప్పిన్రా?”

అవునంటే సరిపోయేది. తండ్రి కళ్లు అదే వేడుకుంటున్నాయి. వేణు అప్పుడే లోపలికి వచ్చి నిలబడ్డాడు. శైలజ అతని వంక చూసింది, పెరటి వంక చూసింది.

“చదువుల చెప్పిన్రు. ఇంట్ల చూసిన. నాకొక తమ్ముడున్నడమ్మా. మీరు వద్దంటరని కొట్టంల కూసోబెట్టినం. వాడు రాలేని ఇంటికి నేను గూడ రాను.”

చంద్రమౌళి నుదురు కొట్టుకున్నాడు. శైలజ విసవిసా వెళ్లి తమ్ముణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. చొక్కా నిండా పుచ్చరసం. కల్యాణ్ నేరుగా ఓదెమ్మ దగ్గరకు పోయి ఆ జిగట చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నం తిన్నవా?”

ఓదెమ్మ వాడి మొహం వంకే చూస్తూ ఉండిపోయింది. కళ్లనిండా నీళ్లు. చటుక్కున లేచి “వేణూ, పా, బండి కాడికి” అని కొడుకును వెంటబెట్టుకుని గడప దాటింది.

సోమయ్య అక్కడే చతికిలబడ్డాడు. “మూడోది గూడ పాయె.”

“పోనియ్ నాయినా. నాకు గుండెల మీద బరువు దిగింది” అంది శైలజ. కళ్లు మాత్రం గడప అవతలికే పోయాయి. ఎంతైనా నచ్చిన మనిషి.

వేపచెట్టు కింద ఇంజను ఆగిపోయింది. కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. వేణు తువ్వాళ్లు విప్పుతున్నాడు. ఓదెమ్మ మాత్రం గుమ్మం దాకా తిరిగి వచ్చి, ఏడుస్తూనే నవ్వుతూ అంది.

“మా బిడ్డ ఉమకు గూడ ఒకటెక్కువే అన్నా, మేం గూడ కార్ల కూసోబెట్టినం.”