పగటి చూపు

“ఇడిచేది లేదు. నా పొట్టేలు, నా ఇష్టం!”

నల్లమ్మ తాడును చేతికి చుట్టుకుని దడికి అడ్డంగా నిలబడింది. మడకశిర పక్కన ఆ చేలో మధ్యాహ్నపు ఎండ నిప్పులు చెరుగుతోంది. పశువైద్య పరిశోధకురాలు ఆశ్రిత ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ పొట్టేలికి పుట్టుకతోనే పగటి గుడ్డి. మసక వెలుతురులో బాగానే తిరుగుతుంది, ఎండ పొడిస్తే చాలు గోడలకు గుద్దుకుంటుంది. దాని వంశంలోనే ఉన్న లోపం అది. చెడిన జన్యువు చేయలేని పనిని చేసిపెట్టడానికి మంచి జన్యువు ఒకదాన్ని, హాని చేయని వైరస్ మీద ఎక్కించి, కొన్ని నెలల కిందట సూదితో కంటి లోపలి పొర కిందికి పంపింది ఆశ్రిత. ఈరోజే పరీక్ష. దడి లోపల పెట్టిన డ్రమ్ములకు ఇది గానీ గుద్దుకుందా, ఇన్నేళ్ల పరిశోధనకు మంగళం పాడినట్టే.

“దెబ్బ తగలదమ్మా, డ్రమ్ములన్నీ ప్లాస్టిక్‌వే” అని బతిమాలింది.

“దెబ్బ గురించి కాదు. దాన్ని గుడ్డిదిగానే ఉండనీ. నాకేం బరువు కాలేదు.”

“నీకేమన్నా పిచ్చి పట్టినాదా? కండ్లొస్తాయంటే వద్దనేవాళ్లు యాడన్నా ఉంటారా?” భర్త బాలప్ప కసురుకుని, తాడు లాక్కుని, పొట్టేలిని లోపలికి తోలాడు.

అది రెండడుగులు వేసి ఆగింది.

మొదటి డ్రమ్మును తప్పించుకుంది. రెండోదాన్నీ తప్పించుకుంది. అడ్డంగా కట్టిన వెదురుబొంగును చెంగున దూకేసింది. ఉన్నట్టుండి నిలబడిపోయి కిందికి చూసింది. కాళ్ల దగ్గర నల్లగా ఏదో ఉంది. ఒక కాలు ఎత్తింది. ఆ నలుపూ కాలెత్తింది. బెదిరి వెనక్కి గెంతింది, అదీ గెంతింది. పట్టపగలు తన నీడను తాను చూసుకోవడం దానికి ఇదే మొదలు.

ఆశ్రితకు ఒళ్లు గగుర్పొడిచింది. కంటికి కనిపించని ఇంత జన్యువు ఆ కళ్లలోకి ఎంత పెద్ద పగలును తెచ్చిపెట్టింది! చదివింది తనే, చేసింది తనే, అయినా నమ్మలేకపోయింది. ఏనాడూ గుడి మెట్లెక్కని మనిషి, ఎవరికో తెలియకుండానే చేతులెత్తి దండం పెట్టింది.

పొట్టేలు తలెత్తింది. నల్లమ్మ ముఖాన్ని తేరిపార చూసి, తిన్నగా ఆమె దగ్గరికి నడిచి వచ్చింది. నల్లమ్మ దాని మెడను వాటేసుకుని బావురుమంది.

“చూసినాదప్పా! ఇంత ఎండలో చూసినాది!” బాలప్ప కేకలేసుకుంటూ ఊళ్లోకి పరుగెత్తాడు.

“ఇంకా ఏడుపెందుకమ్మా? నీ బిడ్డకు చూపొచ్చింది” అంది ఆశ్రిత, తన కళ్లు తుడుచుకుంటూ.

నల్లమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఊరోళ్లు వస్తాండారు. నీకు దండం పెడతా, చూపు రాలేదని చెప్పు తల్లీ! గుడ్డిది చౌడమ్మ జాతరలో బలికి పనికిరాదనే గదా, ఇన్నాళ్లూ దీన్ని కోయకుండా ఇడిచినారు.”